పోలిక రోడ్డు

పొద్దున ఇంట్లో దొరకని పిల్లల కోసం మధ్యాహ్నం మళ్లీ వెళ్లాలన్నది నియమమే అయినా, ఊదుడు టీచరుకు ఇన్నాళ్లలో ఆ అవసరం రాలేదు. మిల్లు రోడ్డు పిల్లలు బడికి బయల్దేరకముందే, తల దువ్వించుకుంటూ ఒకరు, రెండో సాక్సు కోసం మంచం కింద దూరి ఒకరు, ఆమెకు దొరికిపోయేవాళ్లు. ఆమె అసలు పేరు ఆ రోడ్డులో ఎవరికీ పట్టదు. పిల్లల నోట్లో అట్ట గొట్టం పెట్టించి, కాన్పు గదిలో మంత్రసాని కేకలేసినట్టు "ఊదు, ఊదు, ఇంకా ఊదు" అని అరుస్తుంది కాబట్టి ఊదుడు టీచరు. మొదట్లో చిన్నతనంగా అనిపించినా తర్వాత ఆమే ఇళ్ల తలుపులు తట్టి "ఊదుడు టీచర్నమ్మా" అని చెప్పుకోవడం మొదలుపెట్టింది.

ఈసారి టైలరమ్మ మనవరాలు పొద్దున లేవలేదు. రాత్రంతా దగ్గీ దగ్గీ తెల్లవారుజామున కునుకు తీసిందట. లేపి ఊదించినా ఆ ఊదుడు పనికిరాదు. అందుకే ఊపిరి కొలిచే మిషను సంచీ భుజాన వేసుకుని మధ్యాహ్నం ఎండలో రెండోసారి వచ్చింది.

వచ్చి, రోడ్డు దాటలేక నిలబడిపోయింది. తనకు తెలిసిన మిల్లు రోడ్డు పాలవాళ్లు, బడి ఆటోలు, ముగ్గుపిండి రంగులో మంచు ఉన్న రోడ్డు. ఇప్పుడు ఒక లారీ వెనక ఇంకో లారీ, గోనె బస్తాల మీద టార్పాలిన్లు కప్పుకుని, పొగ కక్కుకుంటూ కదలలేక కదులుతున్నాయి. కిరాణా కొట్టువాడు డబ్బాల మీద పాత దుప్పటి పరిచి ఉంచాడు. మధ్యమధ్య దాన్ని ఎత్తి, రోడ్డు వైపు దులిపి, మళ్లీ పరుస్తున్నాడు. గోదాముల్లో సరుకు ఎక్కించడం మధ్యాహ్నానికి గానీ పూర్తికాదని ఆమెకు తెలుసు. తెలిసి కూడా ఎప్పుడూ పొద్దున్నే వచ్చి పొద్దున్నే వెళ్లిపోయింది.

అప్పుడు ఆ హారన్ వినిపించింది. చంటిపిల్ల ఏడ్చి ఏడ్చి చివర్న ఎక్కిళ్లు పెట్టినట్టుండే హారన్. దాన్ని ఆమె నిద్రలో విన్నా గుర్తుపడుతుంది. తాముండే బడి రోడ్డులో, ఇంటి ముందు నుంచి ఆ లారీ రోజూ పోతుంటే, అత్తగారు "వచ్చాడమ్మా ఏడుపుగొట్టు వాడు" అని తిట్టుకుంటూ కిటికీ మూసేవారు. బడి రోడ్డులోకి పెద్ద బళ్లు రాకూడదని ప్రయోగంగా ఉత్తర్వు పెట్టిన రోజు నుంచి ఆ హారన్ లేదు. ఉత్తర్వు వల్ల పిల్లల ఊపిరితిత్తులు ఎంత బాగుపడ్డాయో తేల్చడమే ఊదుడు టీచరు ఆఫీసు పని. ఒక రోడ్డు పిల్లలు బాగుపడ్డారంటే చాలదు, వాళ్లు వయసుతో బాగుపడ్డారో, ఉత్తర్వుతో బాగుపడ్డారో తెలియాలి. అందుకు ఉత్తర్వు లేని రోడ్డు ఒకటి పోలికకు కావాలి. పక్కనే, అలాంటి ఇళ్లే, అలాంటి మనుషులే, అవే నీళ్లు, అదే బడి అని అందరూ కలిసి మిల్లు రోడ్డును ఎంచుకున్నారు. పోలికకు ఇంతకంటే మంచి రోడ్డు దొరకదని అప్పట్లో అందరికంటే గట్టిగా అన్నది ఆమే.

లారీల వరుస కాస్త తెగగానే దాటి, టైలరమ్మ ఇంట్లోకి వెళ్లింది.

ముందు గదిలో కుట్టు మిషను మీద పాత దుప్పటి, దాని కిందికి దూర్చి తెల్ల యూనిఫారం గుడ్డ. టైలరమ్మ దుప్పటి కింద చేతులు పెట్టి, తడుముతూ, సగం చూపుతో సగం అలవాటుతో కుడుతోంది. తెల్లగుడ్డ బయటపెడితే సాయంత్రానికి బూడిద రంగు యూనిఫారం అవుతుందని, బడివాళ్లు తీసుకోరని నవ్వుతూ చెప్పింది. లారీల గోల గురించి ఆమె ఇదివరకూ అంది. గోల ఎక్కడ లేదు లెమ్మని ఊదుడు టీచరు తలూపి ఊరుకుంది.

మనవరాలిని అందరూ బొంగరం అంటారు. ఒక చోట నిలవదని వాళ్ల అమ్మమ్మ పెట్టిన పేరు. ఆ బొంగరం ఇప్పుడు గోడకు చేరగిలబడి, మోకాళ్ల మీద గడ్డం ఆన్చి కూర్చుంది. టీచరును చూసి లేచి, చెప్పకుండానే చెప్పులు విప్పి గోడకు మడమలు ఆనించి నిలబడింది. ముందు ఎత్తు కొలవాలని దానికి తెలుసు. బాగా పొడుగైంది. పొడుగైందని కొలిచి చెప్పక్కర్లేదు, గౌను అంచు చూస్తే చాలు. టైలరమ్మ మడతలు విప్పిన చోటల్లా వెలిసిపోని రంగు పట్టీలు, ఒకదాని కింద ఒకటి.

ముక్కుకు క్లిప్పు పెట్టింది. కొత్త అట్ట గొట్టం తొడిగింది. "పెదాలు బిగించు. నిండా పీల్చు. ఇంకా పీల్చు. ఇప్పుడు ఊదు, ఊదు, ఊదు, ఇంకా, ఇంకా." బొంగరం కళ్లు మూసుకుని, పిడికిళ్లు బిగించి ఊదింది. మధ్యలో దగ్గొచ్చి తెగిపోయింది. మంచినీళ్లు తాగించి మళ్లీ ఊదించింది. మళ్లీ తెగింది. లెక్కకు పనికొచ్చే ఊదుళ్లు వచ్చేసరికి పిల్ల నుదురు చెమటతో తడిసింది. ఊపిరి మిషను మీద పసుపు దీపం వెలిగింది.

పచ్చ అయితే ఫర్వాలేదు. ఎరుపైతే వెంటనే ఇంట్లోవాళ్లకు చెప్పి ఆస్పత్రికి పంపాలి. పసుపైతే ఏమీ చెప్పకూడదు. చెబితే వాళ్లు అలవాట్లు మార్చుకుంటారు, మందులు వాడతారు, పోలిక చెడుతుంది. కొలతలన్నీ అయిపోయాక అందరికీ ఒకేసారి చెబుతారు. బొంగరం కిందటిసారీ పసుపే, అంతకుముందూ పసుపే. గౌను అంచు దిగుతూనే ఉంది, ఊపిరి మాత్రం అప్పుడెంతో ఇప్పుడూ అంతే. పెరిగే పిల్లకు పెరగని ఊపిరంటే తగ్గినట్టే లెక్క.

"స్టార్ ఇవ్వండి టీచర్" అని బొంగరం చెయ్యి చాపింది.

ఊదిన ప్రతి పిల్లకూ చేతి మీద ఒక వెండి స్టారు అంటించడం ఆ ఆఫీసు పద్ధతి. లేకపోతే పిల్లలు మళ్లీసారి ఊదరు. బొంగరం తన స్టార్లను చెయ్యి కడుక్కునేలోపే జాగ్రత్తగా ఊడదీసి కుట్టు మిషను నల్లటి పొట్ట మీద వరుసగా అంటిస్తూ వచ్చింది. టైలరమ్మ దుప్పటి అంచు ఎత్తి, వాటిని గుడ్డపేలికతో ఒకసారి తుడిచి, మురిపెంగా చూసుకుంది.

"వాళ్లమ్మ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానని ఒకటే గోలండీ. నేనే వద్దన్నాను. అంత పెద్ద మిషను పెట్టి చూసి మీరు ప్రతిసారీ స్టారిచ్చాక ఊపిరికేం ఢోకా? బిస్కెట్ల కంపెనీలో ఒక పూట సెలవు పెడితే రెండు పూటల కూలి కోస్తారు. దగ్గుకి డాక్టరెందుకు, తగ్గిపోతుందిలే అన్నాను."

ఊదుడు టీచరు చేతిలో స్టార్ల అట్ట ఉంది. ఆ అట్టను సంచీలో పడేసి, అసలు సంగతి చెప్పేయవచ్చు. పిల్ల చెయ్యి ఇంకా చాపే ఉంది. ఆమె స్టారు తీసి అంటించింది. తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా, ఆ రోజు ఆ స్టారు ఎందుకిచ్చానా అన్నదే ఆమెకు అన్నిటికంటే ఎక్కువ బాధగా ఉండేది.

ఇంటికి వెళ్లేసరికి అత్తగారు వీధి గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని బఠాణీలు ఒలుస్తున్నారు. ఉత్తర్వు వచ్చినప్పటి నుంచి ఆవిడ మకాం అక్కడే. ఒకప్పుడు గదిలో ఉబ్బసంతో కూలబడే మనిషి ఇప్పుడు వచ్చేపోయేవాళ్లను ఆపి మరీ కబుర్లు చెబుతున్నారు. కోడలి ఆఫీసు వల్లే లారీలు పోయాయని ఊరంతా చాటారు కూడా. ఉత్తర్వు పెట్టింది వేరేవాళ్లని ఎన్నిసార్లు చెప్పినా వినరు.

ఏడుపుగొట్టు వాడు ఎటు పోయాడనుకుంటున్నారని కోడలు అడిగింది.

"ఎటు పోతే మనకెందుకే, శని విరగడైంది" అన్నారు అత్తగారు, ఒక పచ్చి బఠాణీ నోట్లో వేసుకుంటూ.

మర్నాడు ఆఫీసులో పెద్ద మేడమ్ గదికి వెళ్లి విన్నదీ చూసిందీ, బడి రోడ్డులో ఆగిన లారీలే మిల్లు రోడ్డుకు మళ్లాయనీ చెప్పింది. పెద్ద మేడమ్ గోడ మీద గీత పటం ఉంది. ఉత్తర్వు దగ్గర నుంచి బడి రోడ్డు గీత పైకీ, మిల్లు రోడ్డు గీత కిందికీ వెళ్లి, మధ్యలో కొంగ నోరు తెరిచినట్టు ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీయే ఉత్తర్వు చేసిన మేలు. పైనుంచి ఎవరొచ్చినా పెద్ద మేడమ్ ఆ ఖాళీ మీద వేలు పెట్టి చూపిస్తారు. మిల్లు రోడ్డు గీత ఎందుకు దిగుతోందని ఒకరిద్దరు అడక్కపోలేదు. ఉత్తర్వు లేకపోతే బడి రోడ్డు గతీ అంతే అయ్యేదని జవాబు చెప్పేవారు.

మాట సగంలో ఉండగానే పెద్ద మేడమ్‌కు విషయం అర్థమైపోయింది. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. లెక్కలు చూసే కుర్రవాణ్ణి, అందరూ గుణకారం అని పిలిచేవాణ్ణి, కేకేశారు. పటం ముందు ముగ్గురూ నిలబడ్డారు.

"తక్కెడలో ఒక పళ్లెం తేలాలంటే రెండోది దిగాలి కదా. ఆ దిగిన పళ్లేన్ని తీసుకొచ్చి పోలికకు పెట్టుకున్నాం. ఇక్కడి కీడు కూడా అక్కడి మేలు ఖాతాలో వేసేసుకున్నాం" అన్నారు పెద్ద మేడమ్, తనలో తాను అనుకున్నట్టు.

ఆవిడ చెడ్డమనిషి కాదు. తప్పును తప్పని అంత తొందరగా ఒప్పుకునే పైవాళ్లను ఊదుడు టీచరు చూడలేదు. దారి కూడా ఆవిడే చెప్పారు. బడి రోడ్డుతో పోల్చడం మానేసి, మిల్లు రోడ్డు పిల్లలను లారీలు రాకముందు తీసిన వాళ్ల కొలతలతోనే పోల్చాలి. త్వరలో జరగబోయే ఆఖరి కొలతలు వస్తే చాలు, లారీల వల్ల ఆ రోడ్డు ఎంత చెడిందో నిలబెట్టి చూపించవచ్చు. అప్పుడు నివేదిక మొదటి పేజీలోనే ఉత్తర్వు రెండు రోడ్లకూ ఉండాలని రాయవచ్చు. అయితే అవే పిల్లలు కావాలి, అందరూ ఊదాలి. రుజువు లేకుండా నోరు విప్పితే లారీల యజమానులు మొత్తం ఉత్తర్వే రద్దు చేయిస్తారు, ఉన్నదీ పోతుందని గుణకారం అన్నాడు.

"అప్పటిదాకా ఎవరికీ చెప్పకు" అన్నారు పెద్ద మేడమ్. "చెబితే భయపడి పిల్లల్ని ఎక్కడికో పంపేస్తారు, లేదా తలుపులే తీయరు. మన చేతిలో ఏమీ మిగలదు. కొద్ది రోజులే కదా."

కొద్ది రోజులే కదా అని ఊదుడు టీచరు కూడా అనుకుంది. పసుపు పిల్ల కొద్ది రోజుల్లో ఏమైపోతుంది? ఇన్నాళ్లూ ఆగింది.

అలా అనుకుని కూడా రెండు రోజులు తిరక్కముందే మిల్లు రోడ్డుకు వెళ్లింది. ఆ రోజు అక్కడ ఆమెకు ఏ పనీ లేదు. దారిలో మరచిపోయిన వస్తువేదో ఉన్నట్టు నటిస్తూ నడిచింది. టైలరమ్మ గుమ్మం ముందు పిల్లలు తొక్కుడు బిళ్ల ఆడుతున్నారు. బొంగరం మెట్టు మీద కూర్చుని, బిళ్ల గీత మీద పడిందా లోపల పడిందా అని తీర్పు చెబుతోంది. ఆడకుండా తీర్పులు చెప్పే వయసా దానిది? ఒక లారీ పోయింది. పిల్ల గౌను అంచు ఎత్తి నోటికి అడ్డం పెట్టుకుంది, ఎవరూ చెప్పకుండానే, ఈగను తోలినంత అలవాటుగా. అది చూశాక ఊదుడు టీచరుకు ఇక పెద్ద మేడమ్ మాట నిలవలేదు.

లోపలికి వెళ్లి, నిలబడే చెప్పింది. పిల్ల ఊపిరి ఎత్తుకు తగ్గట్టు పెరగడం లేదనీ, చాలాసార్ల నుంచి అలాగే ఉందనీ, డాక్టరుకు చూపించడం ఆలస్యం చేయొద్దనీ చెప్పింది. లారీల మాట కూడా చెప్పింది. అన్నీ ఒక్క గుక్కలో చెప్పేసింది.

టైలరమ్మ మిషను తొక్కడం ఆపింది. సూది గుడ్డలోనే దిగి ఉండిపోయింది.

"మరి స్టార్లెందుకిచ్చావమ్మా?"

"అవి ఊదినందుకు ఇచ్చేవి పిన్నీ. ఊపిరి బాగున్నందుకు కాదు."

టైలరమ్మ సూది పైకి లేపి, గుడ్డ బయటికి లాగి మడతపెట్టింది. తిట్టినా బాగుండేదని ఊదుడు టీచరుకు అనిపించింది. చివరికి టైలరమ్మ మిషను మీద స్టార్ల వైపు చూపు తిప్పకుండానే అంది.

"వాళ్లమ్మ కాళ్లావేళ్లా పడింది, నేను ఆపాను. మీ మీద నమ్మకంతో ఆపాను. దానికి ఇప్పుడు నేనేం చెప్పుకోను?"

ఊదుడు టీచరు ఆఫీసు నియమం గురించి చెప్పబోయి, ఆ మాటలు ఆ గదిలో ఎలా వినిపిస్తాయో ఊహించుకుని ఆగిపోయింది.

ఆఖరి కొలతల రోజు పొద్దున్నే, తెలిసిన వేళకే, సంచీతో మిల్లు రోడ్డులో అడుగుపెట్టింది. మొదటి ఇంటి తలుపు వేసి ఉంది. రెండో ఇంట్లో పిల్లవాడి తల్లి గుమ్మానికి చేతులడ్డం పెట్టి, ఊదితే మందిస్తారా అని అడిగింది. ఇవ్వరు. లారీలు ఆపిస్తారా? ఆపించడానికే ఈ కొలతలని ఊదుడు టీచరు చెప్పింది. ఇన్నాళ్లూ ఊదింది ఎవరికోసమని ఆవిడ అడిగి, పిల్లవాణ్ణి లోపలికి లాగి తలుపేసింది. టైలరమ్మకు రోడ్డంతా గిరాకీయే. జాకెట్టు కొలతలకు వచ్చిన ప్రతి మనిషితోనూ ఆ మాట ఇళ్లకు చేరింది. ఒకరు పిల్లను అక్కగారి ఊరు పంపారు. ఒకరు డాక్టరు వద్దన్నాడన్నారు. ఒకరు కిటికీ లోంచి చూసి రెక్కలు మూసేశారు.

తలుపులు తీసినవాళ్లూ ఉన్నారు. దగ్గు లేని ఇళ్లవాళ్లు, భయం లేని ఇళ్లవాళ్లు. వాళ్ల పిల్లలు ఉల్లాసంగా వచ్చి, బుగ్గలు పూరించి, పచ్చ దీపాలు వెలిగించి స్టార్ల కోసం చేతులు చాపారు. ఆమె స్టార్ల అట్ట ఆఫీసులోనే వదిలేసి వచ్చింది. ఒక పిల్ల అలిగి, ఇంకెప్పుడూ ఊదనని చెప్పి వెళ్లిపోయింది.

టైలరమ్మ ఇంటికి చివర్న వెళ్లింది. టైలరమ్మ తలుపు తీసే ఉంచింది, రమ్మనలేదు, పొమ్మనలేదు. బొంగరం లేదు. డాక్టరు ఈ గాలి పడదన్నాడట, ఊరి బయట మేనమామ ఇంటికి పంపేశారు. మందు పీల్చే గొట్టం ఒకటి ఇచ్చాడట. ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే బాగుండేదని కూడా అన్నాడట. ఎంత ముందు అని కూతురు అడిగితే, దగ్గు మొదలైనప్పుడు అన్నాడట. కూతురు తనతో మాట్లాడటం మానేసిందని టైలరమ్మ చెప్పింది. కత్తెర తీసుకుని, తెల్లగుడ్డ మీద సుద్దముక్కతో గీసిన గీత వెంట కోస్తూ చెప్పింది. చెయ్యి ఎక్కడా వంకర పోలేదు.

కుట్టు మిషను పొట్ట మీద స్టార్లు లేవు. ఎవరో గోటితో గీకి ఊడదీశారు. జిగురు మాత్రం పోలేదు. ఆ జిగురుకు రోడ్డు దుమ్ము అంటుకుని, వెండి స్టార్లున్న చోటే నల్ల స్టార్లు తేలాయి. ఊదుడు టీచరు వాటి మీద నుంచి చూపు మళ్లించుకుని, వస్తానని చెప్పి బయటికి వచ్చింది.

వచ్చిన కొలతలతో గుణకారం గీత గీసి చూపించాడు. మిల్లు రోడ్డు గీత పైకి లేచింది. దగ్గే పిల్లలెవరూ ఊదలేదు కాబట్టి మిల్లు రోడ్డు కోలుకున్నట్టు కనిపించింది. ఇది చూపిస్తే లారీలు పిల్లలకు మేలు చేశాయంటారని వాడు నవ్వబోయి, నవ్వు రాక, కాగితం తిరగేసి పెట్టాడు. నివేదికలోకి పనికొచ్చింది పాత పటమే. బడి రోడ్డు పిల్లలు బాగుపడిన మాట అబద్ధం కాదు, ఎంత బాగుపడ్డారన్నదే ఎక్కువ చెప్పినట్టయింది. లారీలు పక్క రోడ్డుకు మళ్లి ఉండవచ్చన్న ఒక్క వాక్యం చివరి పేజీలో చేరింది. చివరి పేజీ దాకా ఎవరు చదువుతారు?

ఎవరు చెప్పారని పెద్ద మేడమ్ అడగలేదు. నేనే చెప్పానని ఊదుడు టీచరే ఒప్పుకుంది. పెద్ద మేడమ్ కోప్పడితే తేలికగా ఉండేది.

"నీ చోట ఉంటే నేను చెప్పేదాన్నో లేదో నాకు తెలీదు" అన్నారు ఆవిడ. "చెప్పకపోతే మాత్రం రుజువు ఉండేది."

ముందే చెప్పి ఉంటే పిల్లకు మేలయ్యేది. ఇంకొంచెం ఆగి ఉంటే రోడ్డుకు మేలయ్యేది. సరిగ్గా మధ్యలో చెప్పి రెంటికీ చెడ్డ రేవడినయ్యానని ఆమె ఇంటికి నడుస్తూ అనుకుంది. పిల్ల ఇప్పుడు మంచి గాలిలో ఉంది కదా అని సర్దిచెప్పుకోవాలని చూసింది. తొక్కుడు బిళ్ల ఆడిన మిగతా పిల్లలు గుర్తొచ్చి ఆ సర్దుబాటు కుదరలేదు.

బడి రోడ్డులో ఉత్తర్వు శాశ్వతం చేశారన్న కబురు ఆమెకంటే ముందే ఇంటికి చేరింది. అత్తగారు గుమ్మం పక్కన తన కుర్చీ పక్కనే ఇంకో కుర్చీ వేయించారు. ఇరుగుపొరుగు వచ్చి కోడలిని మెచ్చుకుని వెళ్లారట. ఆవిడ ఊపిరి హాయిగా, చప్పుడు లేకుండా ఆడుతోంది. ఆ ఊపిరిని చూసి సంతోషించకుండా ఉండటం కోడలికి చేతకాలేదు, సంతోషించడమూ చేతకాలేదు.

"కూర్చోవే, గాలి ఎంత చల్లగా ఉందో చూడు" అన్నారు అత్తగారు.

ఇళ్ల వెనక నుంచి, పక్క రోడ్డులో, చంటిపిల్ల ఏడ్చి ఎక్కిళ్లు పెట్టినట్టు హారన్ సన్నగా వినిపించింది. అత్తగారు చెవి ఒగ్గి విన్నారు. ముఖంలో పాత మనిషిని చూసినంత ఆనందం.

"అయ్యో, మన ఏడుపుగొట్టు వాడే. దూరం నుంచి వింటే ఏడుపు కూడా బాగానే ఉందే."

కోడలు సంచీ దించకుండా, కుర్చీ వీపు పట్టుకుని, ఆ హారన్ మిల్లు రోడ్డు చివరిదాకా వెళ్లి ఆగిపోయేవరకు నిలబడే ఉంది.